గ్యాసు బిల్లును చదువు విధము

గత జనవరి మాసాంతమున ఒకనాటి సాయంకాలము మన పాఠశాల పూర్వవిద్యార్థిని యొకతె ఇంగ్లండు దేశమునుండి నాకు ఫోను చేసెను. ఆమె ఇచ్చట పదవ తరగతి ముగించి, పిమ్మట నర్సు విద్య నభ్యసించి, ఇప్పుడు ఆ దేశపు దక్షిణభాగమున వృద్ధులను సంరక్షించు ఒక గృహమునందు ఉద్యోగము చేయుచున్నది. "మాస్టారూ, మిస్సమ్మగారి గ్యాసు బిల్లు మీకు పంపుచున్నాను. ఆ లెక్క మీరు చూడవలెను. ఆమె గది వెచ్చచేసికొనుట మానివేసినారు" అని చెప్పెను.

మిస్సమ్మగారనగా ఎవరో ఇప్పటి బాలబాలికలకు తెలియదు గాని వారి తలిదండ్రులలో పలువురకు తెలియును. నేను ఆరవ తరగతిలో నుండగా మాకు ఆంగ్లము బోధించిన దొరసానిగారు. వర్ణక్రమమున ఒక్క తప్పు చేసినను ఆ మాటను ఇరువది మారులు వ్రాయించెడివారు. పని చాలించుకొని స్వదేశమునకు మరలి చాల సంవత్సరములైనది. ఇప్పుడు వారి వయస్సు ఎనుబదియైదు దాటినది. ఒక పార్కు గృహమున ఒంటరిగా నివసించుచున్నారు. జనవరి మొదటివారమున వచ్చిన గ్యాసు బిల్లును చూచి భయపడి, పగలెల్ల వేడియంత్రము నాపివేసి, రెండు కంబళ్లు కప్పుకొని కూర్చుండుచున్నారట. మన పూర్వవిద్యార్థిని సెలవునాడు వారిని చూడబోయి ఈ సంగతి కనిపెట్టినది.

ఆ బిల్లు ఒక్క పుట. దానిని మరునాడు తొమ్మిదవ తరగతిలో నల్లబల్లపై వ్రాసి వారము దినములు పాఠముగా చెప్పితిని. ఆ పాఠమే ఈ వ్యాసము. మన పూర్వవిద్యార్థులు పలువురు ఆ దేశమున నున్నారు గనుకను, గ్యాసు లెక్క ఎచ్చటనైనను ఒక్క విధముననే సాగును గనుకను, తలిదండ్రులును దీనిని చదువవచ్చునని తలంచుచున్నాను.

మొదట పార్కు గృహమననేమో చెప్పవలెను. అది కర్మాగారమున తయారై, ఒకటి రెండు భాగములుగా బండ్లపై వచ్చి, స్థలముపై నిలుపబడు ఇల్లు. చూచుటకు చిన్న బంగళావలె నుండును గాని చట్టము దృష్టిలో అది కదల్పదగిన గృహమే. ఇంగ్లండులో దాని పొడవు 20 మీటరులను, వెడల్పు 6.8 మీటరులను మించరాదు. ఇల్లు నివాసియొక్క సొంతము. దానిక్రింది నేలమాత్రము స్థలయజమానిది. ఆ నేలకు నివాసి అద్దె చెల్లించుచుండవలెను. ఇట్టి స్థలములు ఇంగ్లండులో రమారమి 2,000 కలవని ప్రభుత్వపు లెక్క. ఉద్యోగవిరమణ చేసినవారే వీనిలో ఎక్కువగా నుందురు. పెద్ద ఇల్లు అమ్ముకొని, చిన్నయింట శాంతముగా కాలము గడుపవచ్చునని వత్తురు. కాని పాత పార్కు గృహముల గోడలు పలుచన. లోని వేడి శీఘ్రముగా బయటికి పోవును. అందుచేత చలికాలపు గ్యాసు ఖర్చు ఈ వృద్ధులకు చిన్న విషయము కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో ప్రకటించిన సూచనలలో, చలిదేశములయందు ఇంటిలోపల 18 డిగ్రీలకు తగ్గకుండ వేడి యుండవలెనని చెప్పినది. మిస్సమ్మగారి గదిలో ఆనాడు 13 డిగ్రీలే యుండెనట.

ఇక గ్యాసు వారికెట్లు చేరును? ఇందులో మూడు విధములు గలవు. కొందరికి ఊరి గొట్టమునుండి గ్యాసు కంపెనీయే నేరుగా ఇచ్చి, నేరుగా బిల్లు పంపును. ఇది సామాన్య గృహములవంటిదే. మరికొన్ని స్థలములలో కంపెనీ స్థలయజమానికొక్కనికే పెద్ద గ్యాసు మీటరు పెట్టి అమ్మును. అతడు ఒక్కొక్క యింటికి చిన్న గ్యాసు మీటరు పెట్టి, కొన్నదానిని మరల అమ్మును. మూడవది, గొట్టము చేరని పల్లెపట్టులలో సిలిండరులు గాని, స్థలమునకంతకు ఒక పెద్ద తొట్టి గాని యుండును. దానిలో నుండునది ప్రొపేను అను ద్రవీకృత వాయువు. మన వంటయింటి సిలిండరులో ప్రొపేను, బ్యూటేను కలసి యుండును. బ్యూటేను సున్న డిగ్రీల సమీపముననే ఆవిరియగుట మానును గాన ఆ చలిలో నది పనికిరాదు; ప్రొపేను సున్నకు దిగువ 42 డిగ్రీలవరకు ఆవిరియగుచునే యుండును. అక్కడి గృహములవెలుపల నిలువుగా నుంచు పెద్ద సిలిండరులు 47 కిలోగ్రాములవి.

మిస్సమ్మగారిది రెండవ విధము. అనగా బిల్లు పంపినది కంపెనీ కాదు, స్థలయజమాని కార్యాలయము. ఆ బిల్లులోని అంకెలివి. అక్టోబరు 1 మొదలు డిసెంబరు 31 వరకు 92 దినములు. వెనుకటి రీడింగు 00031. ఇప్పటి రీడింగు 00127. వాడిన శక్తి 3,025.27 కిలోవాట్-గంటలు. ఒక్కింటికి 7 పెన్సులు. గ్యాసు వెల 211 పౌనుల 77 పెన్సులు. స్థిర రుసుము దినమునకు 15 పెన్సుల చొప్పున 13 పౌనుల 80 పెన్సులు. పన్ను నూటికి 5 చొప్పున 11 పౌనుల 28 పెన్సులు. మొత్తము 236 పౌనుల 85 పెన్సులు.

(నా తాతగారి కాలపు లెక్కల పుస్తకములలో పౌనులు, షిల్లింగులు, పెన్సులు అని మూడు వరుసల కూడికలుండెడివి. 12 పెన్సులు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. 1971 నుండి 100 పెన్సులు ఒక పౌను. ఆ సంస్కరణము మన విద్యార్థులకు గొప్ప మేలు.)

ఈ బిల్లులో ఒక లోపము మొదటనే కనబడుచున్నది. రీడింగుల తేడా 96. ఆ తరువాత ఒక్కసారిగా 3,025.27 అని యున్నది. 96 ఎట్లు 3,025 ఆయెనో చూపలేదు. పరీక్షలో జవాబుమాత్రము వ్రాసి లెక్క చూపని పిల్లవానికి నేను మార్కులియ్యను. ప్రక్కవాని కాగితమునుండి జవాబు దింపినవాడును, తెలివిగా మనస్సులో కట్టినవాడును ఒక్కలాగే వ్రాయుదురు. తప్పు ఎచ్చట జరిగెనో గురువునకు తెలియదు.

కావున ఆ నడిమి లెక్కను మనము కట్టవలెను. గ్యాసు మీటరు కొలుచునది గ్యాసు ఆక్రమించు స్థలమును. మనము వెల యిచ్చునది దానినుండి పుట్టు వేడిమికి. బియ్యమును కుంచముతో కొలిచి, అన్నమునకు వెల కట్టినట్లున్నది. ఆ రెంటికి నడుమ మూడు మెట్లు గలవు.

మొదటి మెట్టు, పరిమాణమును సరిచేయుట. వాయువు చల్లబడిన ముడుచుకొనును, పీడనము పెరిగిన ముడుచుకొనును. బాయిలు, ఛార్లెసు నియమములను చదివినవారికి ఇది తెలియును. గ్యాసు మీటరు చల్లని, కొంచెము ఒత్తిడిలో నున్న గ్యాసును కొలుచును. చట్టము నిర్ణయించిన ప్రమాణము 15 డిగ్రీలు, 1013.25 మిల్లీబారుల పీడనము. ఒక్కొక్క యింటివద్ద వేడిని, పీడనమును కొలుచుట సాధ్యము కాదు గాన, బ్రిటనులో 1996 సంవత్సరపు నిబంధనలు సామాన్య గృహములకన్నిటికిని 1.02264 అను ఒక్క గుణకమును ఏర్పరచినవి. ఇది ఆకాశమునుండి ఊడిపడిన అంకె కాదు. గ్యాసు సగటు వేడిమి 12.2 డిగ్రీలనుకొనిరి. పరమోష్ణమానమున 15 డిగ్రీలు 288.15, 12.2 డిగ్రీలు 285.35. మొదటిదానిని రెండవదానిచే భాగించిన 1.0098 వచ్చును. అనగా చలివలన ఇంచుమించు నూటికి ఒకటి. మిగిలినది పీడనమువలన. తొమ్మిదవ తరగతివారు ఈ భాగహారము చేసినపుడు, భౌతికశాస్త్రపు పుస్తకములోని నియమము ఒక వృద్ధురాలి బిల్లులోనికి వచ్చి కూర్చుండుట చూచి ఆశ్చర్యపడిరి.

రెండవ మెట్టు కెలోరిఫిక్ విలువ. అనగా ఒక ఘనమీటరు గ్యాసు పూర్తిగా మండినపుడు పుట్టు వేడిమి. భూమిలోనుండి వచ్చు గ్యాసు అన్నిచోట్ల ఒక్క తీరుగ నుండదు. అందుచేత బ్రిటనులో దీనిని ప్రతిదినము కొలిచి, సగటును బిల్లులో వేయుదురు. సామాన్యముగా నది 37.5 మెగాజౌలులకును 43 మెగాజౌలులకును నడుమ నుండును. మిస్సమ్మగారి బిల్లు అడుగున చిన్న అక్షరములలో 39.2 అని యుండెను. పూర్వము బొగ్గునుండి తీసిన గ్యాసును వాడు దినములలో ఈ విలువ ఇంచుమించు ఇందులో సగమే. 1967 మొదలు 1977 వరకు బ్రిటనులోని పొయ్యిలనన్నిటిని ఒక్కొక్కటిగా మార్చి, సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువునకు తగినట్లు చేసిరి. ఇంటింటికి తిరిగి చేసిన ఆ కార్యమునుగూర్చి వేరొక వ్యాసమే వ్రాయవచ్చును.

మూడవ మెట్టు సులభము. ఒక కిలోవాట్-గంట యనగా సెకనునకు 1,000 జౌలుల చొప్పున 3,600 సెకనులు. అనగా 36 లక్షల జౌలులు, లేక 3.6 మెగాజౌలులు. కావున మెగాజౌలులను 3.6 చే భాగించవలెను.

సూత్రమంతయు ఒక్క వరుసలో నిట్లుండును: ఘనమీటరులు × 1.02264 × కెలోరిఫిక్ విలువ ÷ 3.6 = కిలోవాట్-గంటలు.

ఇప్పుడు మన 96 ను తీసికొందము. 96 × 1.02264 = 98.17344. దానిని 39.2 చే గుణించిన 3,848.40. దానిని 3.6 చే భాగించిన 1,069.00.

తరగతి నిశ్శబ్దమాయెను. బిల్లులో 3,025, మనకు వచ్చినది 1,069. రెండు మారులు కట్టితిమి. అదే వచ్చెను.

బిల్లును చేతబట్టిన ప్రతివాడును గుర్తుంచుకొనదగిన యుపాయము ఒకటి ఇక్కడనే చెప్పెదను. ఊరి గొట్టపు గ్యాసు ఒక ఘనమీటరునకు ఇంచుమించు 11 కిలోవాట్-గంటలు వచ్చును. బిల్లులోని కిలోవాట్-గంటలను ఘనమీటరులచే భాగించి చూడుడు. 11 ప్రాంతమున నుండెనా, లెక్క సరి. మిస్సమ్మగారి బిల్లులో 3,025.27 ను 96 చే భాగించిన 31.5 వచ్చుచున్నది. ఇది ఎక్కడి అంకె?

నేను మొదట తప్పుదారిని బోయితిని. ఆ స్థలమున తొట్టిగ్యాసు వాడుచున్నారేమో యనుకొంటిని. ఏలయనగా ప్రొపేను సహజవాయువుకంటె చాల బలమైనది. ఘనమీటరునకు ఇంచుమించు 26 కిలోవాట్-గంటలు. అందుచేతనే తొట్టిగ్యాసు వాడువారు తమ ఘనమీటరు వెలను ఊరిగొట్టపు ఘనమీటరు వెలతో పోల్చి భయపడరాదు. రెంటిని కిలోవాట్-గంటలలోనికి మార్చిన పిమ్మటనే పోల్చవలెను. కాని 31.5 అనునది 26 కాదు, 11 కాదు. మన పూర్వవిద్యార్థినిని అడుగగా ఊరి గొట్టమే యని చెప్పెను.

రెండవనాడు ఒక బాలుడు లేచి, "మాస్టారూ, పెద్ద అంకెను చిన్న అంకెచే భాగించితిని. 2.83 వచ్చినది. ఇది అడుగులను మీటరులుగా మార్చునప్పటి అంకెవలె నున్నది" అనెను. ఆ బాలుని జ్ఞాపకశక్తికి నేను నేటికిని సంతోషించుచున్నాను. ఒక అడుగు 0.3048 మీటరు. దీనిని మూడు మారులు గుణించిన ఘనపుటడుగు 0.0283168 ఘనమీటరు. నూరు ఘనపుటడుగులు 2.83 ఘనమీటరులు.

బ్రిటనులో పాత గ్యాసు మీటరులు ఘనపుటడుగులను నూరుల లెక్కను చూపును. క్రొత్తవి ఘనమీటరులను చూపును. పాతదాని రీడింగునకు మొదట 2.83 చే గుణించి, ఆపైన తక్కిన మెట్లు నడువవలెను. క్రొత్తదానికి ఆ గుణకారము లేదు. మిస్సమ్మగారి యింట క్రొత్త మీటరు పెట్టి, లెక్క కట్టు పట్టికలో పాత గుణకమునే వదలివేసిరని మా ఊహ. దీనిని రూఢిపరచుటకు గ్యాసు మీటరుయొక్క ఛాయాపటమును పంపుమని వ్రాసితిని. పాత మీటరునందు నల్లని అంకెలు నాలుగు, ఎఫ్, టి అను అక్షరములపై చిన్న 3 యుండును. క్రొత్తదానియందు నల్లని అంకెలైదు, ఎం అను అక్షరముపై చిన్న 3 యుండును. చుక్కతరువాతి యెఱ్ఱ అంకెలను లెక్కించరాదు. ఛాయాపటము వచ్చినది. అయిదంకెలు, ఎం పై 3. పైగా వెనుకటి రీడింగు 00031 మాత్రమే యగుటచేత, అది క్రొత్తగా పెట్టినదని మేము ముందే గ్రహించి యుండవలసినది. జూలై 1 తేదీన పెట్టిరట.

సరియైన బిల్లు ఎంత? 1,069 × 7 పెన్సులు = 74 పౌనుల 83 పెన్సులు. స్థిర రుసుము 13 పౌనుల 80 పెన్సులు. రెండును 88 పౌనుల 63 పెన్సులు. పన్ను 4 పౌనుల 43 పెన్సులు. మొత్తము 93 పౌనుల 6 పెన్సులు. వారడిగినది 236 పౌనుల 85 పెన్సులు. ఎక్కువ వేసినది 143 పౌనుల 79 పెన్సులు. జూలై మొదలు సెప్టెంబరు వరకును ఇదే తప్పు జరిగినది. అప్పుడు 31 ఘనమీటరులే ఖర్చగుటచేత ఎవరును గమనింపలేదు. అదే వెల, అదే కెలోరిఫిక్ విలువ వేసి చూడగా అందులో 46 పౌనుల 43 పెన్సులు ఎక్కువ. రెండును కలిపి 190 పౌనుల 22 పెన్సులు.

ఈ సందర్భమున తరగతిలోని బాలికయొకతె అడిగిన ప్రశ్న నా మనస్సును కలచెను. "మన సిలిండరులలో చెప్పిన ఎన్ని?" అనెను. మన యింటి సిలిండరులో 14.2 కిలోగ్రాముల గ్యాసుండును. కిలోగ్రామునకు ఇంచుమించు 13.7 కిలోవాట్-గంటలు గాన, సిలిండరు ఒకటి 195. బిల్లు ప్రకారము మిస్సమ్మగారు మూడు నెలలలో పదునైదు సిలిండరులకు పైగా వాడినారు. నిజముగా వాడినది అయిదున్నర. స్నానమునకు నీళ్లు కాచుకొని, వంట చేసికొని, ఆ దేశపు చలిలో గది వెచ్చచేసికొనుటకు ఈ అయిదున్నర యెట్లు చాలును? దినమునకు ఒక్క ఘనమీటరు. అనగా తప్పుబిల్లు రాకమునుపే, ధరల భయముచేత వారు చలిలో కూర్చుండుట నేర్చుకొనియుండిరి. లెక్కలోని తప్పును మేము దిద్దగలిగితిమి గాని ఈ రెండవ సంగతి మాకు తరువాతగాని తట్టలేదు.

సిలిండరు మాట వచ్చినది గాన తలిదండ్రులకు ఒక్క మాట. ప్రతి సిలిండరుమీద దాని ఖాళీబరువు ముద్రింపబడి యుండును. దానికి 14.2 చేర్చిన రావలసిన మొత్తపు బరువు తెలియును. పంపిణీ చేయువాని యెదుటనే తూకము వేయించుకొనుడు. హైదరాబాదు మొదలగు పట్టణములలో గొట్టపు గ్యాసు వచ్చినవారికి ఘనమీటరుల లెక్కను బిల్లు వచ్చును. వారికి కిలోవాట్-గంటల మార్పు లేదు గాన ఈ మూడు మెట్ల బాధయు లేదు.

తప్పు తెలిసినది, దానిని దిద్దించుట యెట్లు? ఇక్కడ చట్టము కొంత చెప్పక తప్పదు. గ్యాసును కొని మరల గృహస్థులకు అమ్మువాడు, తాను కొన్న వెలకంటె ఎక్కువ తీసికొనరాదు. దీనిని గరిష్ఠ పునర్విక్రయ ధర యందురు. ఆఫ్‌జెమ్ అను నియంత్రణసంస్థ ఏర్పరచిన ఈ నియమము ఇప్పుడున్న రూపమున 2003 జనవరి 1 నుండి అమలులో నున్నది. బిల్లులు వ్రాయు శ్రమకు, రీడింగులు చూచు కూలికి అని గ్యాసు వెలలో ఒక్క పెన్సును కలుపరాదు. స్థిర రుసుమును కూడ నివాసులకు న్యాయముగా పంచవలెను. ఎక్కువ తీసికొన్నచో నివాసి న్యాయస్థానమునకు పోయి రాబట్టుకొనవచ్చును. అయితే ఈ నియమము ఊరిగొట్టపు గ్యాసునకే. సిలిండరు గ్యాసునకు, తొట్టిగ్యాసునకు వర్తించదు. ఇది నాకు న్యాయముగా తోచలేదు. గొట్టము లేని పల్లెలోని వృద్ధుడు ఏమి పాపము చేసెను? గృహస్థులకు ప్రభుత్వము 2019 జనవరి నుండి ఏర్పరచిన ధరల పరిమితియు, కంపెనీతో నేరుగా ఒప్పందము గలవారికే; స్థలయజమానివద్ద కొనువారికి నేరుగా అందదు.

కాని మరియొక హక్కు గలదు. అది గ్యాసు ఏ రకమైనను వర్తించును. 1983 సంవత్సరపు మొబైల్ హోమ్స్ చట్టము ప్రకారము, ఇంగ్లండులోని పార్కు గృహనివాసి కోరినచో, గ్యాసు, విద్యుత్తు, నీరు మొదలగువానికి తాను వేసిన వెలకు ఆధారపత్రములను, వివరణమును స్థలయజమాని ఉచితముగా చూపవలెను. చూపకున్న నివాసి ట్రిబ్యునలునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఈ హక్కును గూర్చి మిస్సమ్మగారికి తెలియదు. అడిగిన బాగుండదని, ఇరుగుపొరుగువారు తనను తగవులమారి యందురని వారి సంకోచము. మాకు వర్ణక్రమము నేర్పునప్పుడు ఈ సంకోచమేమియు నుండెడిది కాదు.

మన పూర్వవిద్యార్థిని కార్యాలయమునకు పోయి మర్యాదగా మాటలాడెను. లెక్క కంప్యూటరు కట్టును గాన తప్పు వచ్చుటకు వీలు లేదని అచ్చటివారు చెప్పిరట. కంప్యూటరు మనము చెప్పిన గుణకారమును తప్పులేకుండ చేయును. చేయదగని గుణకారమును చెప్పిన దానిని కూడ తప్పులేకుండ చేయును. అప్పుడు మిస్సమ్మగారి సంతకముతో ఒక ఉత్తరము వ్రాసిరి. అందులో నిందావాక్యమొక్కటియు లేదు. మీటరు ఛాయాపటము, మూడు మెట్ల లెక్క, కంపెనీ స్థలయజమానికి పంపిన బిల్లు ప్రతి కావలెనన్న ప్రార్థన, ఇంతే. తొమ్మిదవ తరగతివారు కట్టిన లెక్కను శుద్ధప్రతి వ్రాయించి నేనే పంపితిని.

మూడు వారములకు జవాబు వచ్చినది. కంపెనీ బిల్లు ప్రతియు జతపరచిరి. దానిని చూడగా వెల 7 పెన్సులే. స్థిర రుసుము స్థలమునకంతకు దినమునకు 4 పౌనుల 50 పెన్సులు, దానిని 30 గృహములకు పంచిన 15 పెన్సులు. ఈ రెండు విషయములలోను కార్యాలయమువారు న్యాయముగానే నడిచియుండిరి. ఇది చెప్పుట మన ధర్మము. తప్పు 2.83 లోనే. జూలైలో మీటరులు మార్చిన మరి నాలుగు గృహములవారి బిల్లులలోను అదే తప్పు దొరకినదట. వారిలో ఒకాయన తన బిల్లును రెండు కంతులుగా చెల్లించివేసి యుండెను. మిస్సమ్మగారికి 190 పౌనుల 22 పెన్సులు జమకట్టిరి.

ఇంకొక సంగతి ఆ ఉత్తరప్రత్యుత్తరములలో బయటపడెను. 2022 చలికాలమున ఇంధనపు ధరలు మిక్కిలి పెరుగగా ప్రభుత్వము ఇంటింటికి 400 పౌనుల సహాయము చేసినది. కంపెనీతో ఒప్పందము గలవారికి అది తనంతట తానే బిల్లులో తగ్గెను. పార్కు గృహములవారివంటివారు మాత్రము 2023 ఫిబ్రవరి 27 మొదలు మే 31 లోపల దరఖాస్తు చేసికొనవలసి వచ్చెను. మిస్సమ్మగారు చేసికొనలేదు. గడువు దాటి చాలకాలమైనది గాన దానికి చేయదగినదేమియు లేదు. కాని చలికాలపు బిల్లులకు ఏటేట ఇచ్చు 150 పౌనుల తగ్గింపునకు పార్కు గృహములవారు దరఖాస్తు చేసికొనుటకు ప్రత్యేకమైన యేర్పాటు కలదు. అది మొదట వచ్చినవారికే చెందును గాన, ఈ సంవత్సరము తలుపు తెరచిననాడే దరఖాస్తు వేయుటకు మన పూర్వవిద్యార్థిని తన గోడపట్టికలో గుర్తు పెట్టుకొన్నది.

మొన్న ఏప్రిల్ మాసమున క్రొత్త బిల్లు వచ్చినది. ఈసారి మిస్సమ్మగారు తామే మొదట లెక్కకట్టి చూచుకొని, ఆ కాగితమును మనకు పంపినారు. ఒకచోట దశాంశబిందువు తప్పినది, ఎఱ్ఱసిరాతో దిద్ది పంపితిని. ఆ బిల్లులోని అంకెలను తొమ్మిదవ తరగతివారికి అభ్యాసముగా ఇచ్చుచున్నాను. జనవరి 1 మొదలు మార్చి 31 వరకు 90 దినములు. వెనుకటి రీడింగు 00127. ఇప్పటి రీడింగు 00335. కెలోరిఫిక్ విలువ 39.4. వెల, స్థిర రుసుము, పన్ను మునుపటివలెనే. మొత్తము బిల్లు ఎంత? వెనుకటి మూడు నెలలలో దినమునకు ఒక్క ఘనమీటరు వాడినవారు, ఈ మూడు నెలలలో దినమునకెన్ని వాడిరి? మెట్లన్నియు చూపి వ్రాయవలెను. సోమవారమునాడు పుస్తకములు చూచెదను.